కాటా చీటీల నుంచి కార్బన్ లెక్క దాకా: ఒక ఫెర్రో అల్లాయ్స్ ప్లాంటు ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 2025, రెండో వారం

పని నా నెత్తిన పడింది. మా ప్లాంటు నుంచి ఏడాదికి ఎన్ని టన్నుల గ్రీన్‌హౌస్ వాయువులు గాల్లో కలుస్తున్నాయో తేల్చాలి. తేల్చడమే కాదు, బయటినుంచి తనిఖీకి వచ్చినవాడు ఏ అంకె మీద వేలు పెట్టినా దాని వెనకున్న కాగితం తీసి చూపించాలి. ఎనర్జీ మేనేజరుని కాబట్టి కరెంటు లెక్కలు ఎలాగూ నావే. ఇకమీదట పొగ లెక్కా నాదే.

మాది గాజువాక దాటి లంకెలపాలెం వైపు వెళ్తే వచ్చే ఓ మోస్తరు ఫెర్రో అల్లాయ్స్ ప్లాంటు. రెండు సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ ఫర్నేసులు. మాంగనీసు ఖనిజం, కోక్ (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు), బొగ్గు, డోలమైటు (ఒక రకం సున్నపురాయి) పైనుంచి పోస్తాం, ఇలా పోసేదాన్నే చార్జి అంటాం. ఎలక్ట్రోడ్ల ద్వారా కరెంటు పంపి కరిగిస్తాం. కిందనుంచి ఫెర్రో మాంగనీసో సిలికో మాంగనీసో ట్యాప్ చేస్తాం, అంటే కన్నం తెరిచి బయటికి పారిస్తాం. రెండూ ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాలు (ఫెర్రో అల్లాయ్స్), ఉక్కు ఫ్యాక్టరీలకి వెళ్లేవే.

"ఇంతకీ మనల్ని బలవంతపెట్టే చట్టం ఏది?" అన్నారు డైరెక్టరు గారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 2009లోనే నియమం పెట్టారు. స్థూలంగా ఏడాదికి 25,000 టన్నుల కార్బన్ డయాక్సైడుకి సమానమైన వాయువులు వదిలే కర్మాగారం తన లెక్క ప్రభుత్వానికి చెప్పి తీరాలి. 2010 నుంచి ఆ లెక్కలు వస్తున్నాయి. (మొన్న సెప్టెంబరులో వాళ్ల పర్యావరణ సంస్థే దాన్ని చాలావరకు ఎత్తేద్దామని ప్రతిపాదించింది. పెట్టినవాళ్లే తీసేస్తామంటున్న రోజుల్లో మేం మొదలుపెడుతున్నాం.) మన దగ్గర అలా అందరికీ వర్తించే ఒకే నియమం లేదు, వేర్వేరు దారుల్లో వస్తోంది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక (పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద ఏటా ఇచ్చేది) తప్పనిసరి చేసింది, అందులో ఉద్గారాలు చెప్పాలి. ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించారు, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై చేశారు. ఈ నెల 8వ తేదీన కేంద్ర పర్యావరణ శాఖ అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల్లో 282 యూనిట్లకి ఉద్గార తీవ్రత (టన్ను ఉత్పత్తికి ఎంత వాయువు అన్నది) లక్ష్యాలు నోటిఫై చేసింది. ఇనుము ఉక్కు రంగం ఆ జాబితాలో లేదు.

మేం లిస్టెడ్ కంపెనీ కాదు, ఆ నాలుగు రంగాల్లోనూ లేం. అయినా తప్పించుకునే వీలు లేదు. మా సిలికో మాంగనీసు కొనే ఓ లిస్టెడ్ కంపెనీ తన సరఫరాదారులందరికీ ఫారం పంపింది. మా ఫెర్రో మాంగనీసు కొనే యూరప్ దిగుమతిదారుకి జనవరి 1 నుంచి సీబ్యామ్, అంటే సరిహద్దు దగ్గర కార్బన్‌కి సుంకం కట్టే నియమం, పూర్తిగా అమల్లోకి వస్తోంది. 2023 అక్టోబరు నుంచి ఇప్పటిదాకా ఉత్త రిపోర్టులతో సరిపోయింది, ఇకనుంచి డబ్బుతో పని. చట్టం నేరుగా మన గేటు దగ్గరికి రాలేదు, కొనేవాడి కొనుగోలు ఆర్డరులో మడతపెట్టుకుని వచ్చింది.


అక్టోబరు మూడో వారం

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్న దగ్గరే రెండు మీటింగులు గడిచాయి.

సీబ్యామ్ జాబితాలో కస్టమ్స్ కోడు 72, అంటే ఇనుము ఉక్కు, దాదాపు మొత్తం ఉంది. మినహాయింపులు కొన్ని ఇచ్చారు. ఆ మినహాయింపుల్లో 7202 30, సిలికో మాంగనీసు ఉంది. 7202 11, హై కార్బన్ ఫెర్రో మాంగనీసు మాత్రం లేదు. అంటే ఒకే ఫర్నేసులో, అదే కోక్‌తో, అదే సిబ్బంది ఈ నెల పోసే లోహానికి లెక్క అడుగుతారు, వచ్చే నెల పోసే లోహానికి అడగరు. ప్రొడక్షన్ హెడ్ గారు ఇది విని నవ్వి, "అయితే యూరప్‌కి సిలికోయే అమ్ముదాం" అన్నారు. మార్కెటింగ్ వాళ్లు నవ్వలేదు.

ఏడాదికి 50 టన్నుల లోపు దిగుమతి చేసుకునేవాడికి మినహాయింపు కూడా ఈ నెలలోనే ఖరారైంది. అది మాకు పనికిరాదు. ఇరవై అడుగుల కంటైనరులో పాతిక టన్నులదాకా పడుతుంది, రెండు మూడు కంటైనర్లు విశాఖ పోర్టు దాటితే ఆ హద్దూ దాటిపోయినట్టే.

ఇంకో వాదన: "చిమ్నీకి ఆన్‌లైన్ మీటరు పెట్టాం కదా, లక్షలు పోసి కొన్నాం, అందులోంచే తీసుకోవచ్చుగా?" ఇది దాదాపు ప్రతి ప్లాంటులోనూ వచ్చే ప్రశ్నే అనుకుంటాను. ఆ మీటరు పొల్యూషన్ బోర్డు సర్వరుకి పంపేది దుమ్ము లెక్క. కార్బన్ డయాక్సైడుని అది చూడనే చూడదు. పైగా మా ఫర్నేసులు సెమీ క్లోజ్‌డ్. పైన హుడ్ కింద బయటి గాలి విపరీతంగా లోపలికి వస్తుంది, ఫర్నేసులోంచి లేచే కార్బన్ మోనాక్సైడు ఆ గాలితో అక్కడే మండిపోతుంది. చిమ్నీలో కొలవాలంటే గ్యాసు శాతం, గ్యాసు ప్రవాహం రెండూ నిక్కచ్చిగా కావాలి. ప్రవాహం కొలతలో తేడా వస్తే మొత్తం అంకె కొట్టుకుపోతుంది.

అందుకని మాస్ బ్యాలెన్స్. లోపలికి వెళ్లిన కార్బన్‌లోంచి లోహంలోనూ స్లాగులోనూ (లోహంతోపాటు వచ్చే మడ్డిలోనూ) బయటికొచ్చిన కార్బన్ తీసేస్తే మిగిలింది గాల్లోకే వెళ్లింది. దాన్ని 3.664తో (కార్బన్ డయాక్సైడు, కార్బన్ భారాల నిష్పత్తి, స్థూలంగా 44/12) హెచ్చిస్తే కార్బన్ డయాక్సైడు. యూరప్ వాళ్లదీ ఇదే పద్ధతి, అమెరికా నియమాల్లో ఫెర్రో అల్లాయ్స్‌కి కేటాయించిన కె భాగంలోనూ ఇదే. ఎనిమిదో క్లాసు పిల్లాడు చేసే హెచ్చవేత. కష్టమంతా ఆ హెచ్చవేతకి ముందే ఉంది.


మొంథా తర్వాత

28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు గాలి దెబ్బ పెద్దగా లేదు గానీ వాన దంచికొట్టింది. యార్డులో కోక్ గుట్ట మీద కప్పిన టార్పాలిన్ ఓ పక్క లేచిపోయింది.

ఈ ప్రాజెక్టులో అసలైన సమస్య ఆ తడి కోక్ దగ్గర కంటికి కనపడింది. కోక్ రంధ్రాలమయం, నీళ్లు తాగేస్తుంది. తుపాను ముందు కాటా మీద తూగిన లారీకీ తర్వాత తూగిన లారీకీ బరువు ఒకటే చూపిస్తుంది, కార్బన్ ఒకటి కాదు. ఓ లారీలో 20 టన్నుల కోక్ వచ్చిందనుకోండి. పొడి కోక్‌లో కార్బన్ 85 శాతం. తేమ లెక్కలోకి తీసుకోకపోతే 17 టన్నుల కార్బన్, అంటే 62.3 టన్నుల కార్బన్ డయాక్సైడు. తేమ 14 శాతం ఉందనుకుంటే పొడి బరువు 17.2 టన్నులే, కార్బన్ 14.62 టన్నులు, కార్బన్ డయాక్సైడు 53.6 టన్నులు. ఒక్క లారీ దగ్గర దాదాపు 8.7 టన్నుల తేడా. అంటే వాన నీటిని కార్బన్‌గా రాసి దాని మీద యూరప్‌లో సుంకం కట్టినట్టు.

స్టోర్స్ సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లాను. పాతికేళ్ల సర్వీసు ఆయనది, ఈ ప్లాంటు పుట్టినప్పటినుంచీ ఉన్నారు.

"గురువు గారూ, ప్రతి లారీకీ తేమ రిపోర్టు ఉందా?"

"నాకాడ అన్నీ ఉన్నాయి బాబూ. కానీ అయ్యి డబ్బు కోతకి రాసుకున్నయ్యి, నీ గ్యాసు లెక్కకి కాదు."

ఆయన బీరువా తీసి చూపించాక అర్థమైంది. తేమ ఒప్పందంలో రాసుకున్న శాతం దాటితే సరఫరాదారుడి బిల్లులో కోత వెయ్యాలి. దాటినప్పుడు ఎంతో కచ్చితంగా రాశారు. దాటనప్పుడు "ఓకే" అని రాసి వదిలేశారు. ఆయన పనికి అది సరిపోతుంది. నాకు ఆ "ఓకే" వెనక అది 4 శాతమా 9 శాతమా కావాలి. అదృష్టవశాత్తూ ల్యాబ్‌లో ఓవెన్ రిజిస్టరు పారెయ్యలేదు. శాంపిలు తడి బరువు, ఎండబెట్టాక బరువు, పెన్సిలుతో. కాటా చీటీ నంబరు పక్కనే ఉంది. జనవరి నుంచి అక్టోబరు దాకా ఆ రిజిస్టరునీ కాటా చీటీలనీ జతచెయ్యడానికి స్టోర్స్ కుర్రాణ్ణి కూర్చోబెట్టాం.

ఈ ప్లాంటులో ఏ అంకే కార్బన్ కోసం పుట్టలేదు. కాటా డబ్బు కోసం తూచింది, ల్యాబ్ నాణ్యత కోసం పరీక్షించింది, మీటరు బిల్లు కోసం తిరిగింది. వాటన్నిటినీ తెచ్చి ఇన్నాళ్లూ మనం అడగని ప్రశ్నకి జవాబు చెప్పమంటున్నాం. కన్సల్టెంట్లు అమ్మే సాఫ్ట్‌వేర్లలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. అన్నీ "డేటా అప్‌లోడ్ చెయ్యండి" దగ్గరే మొదలవుతాయి.


నవంబరు మొదట్లో

ల్యాబ్ సంగతి. మా కెమిస్టుకి ఫాస్ఫరస్ తప్ప వేరే శత్రువు లేదు. చీపురుపల్లి, గరివిడి వైపు దొరికే మాంగనీసు ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువ, అందుకే గాబన్ నుంచో దక్షిణాఫ్రికా నుంచో ఓడలో వచ్చిన ఖనిజంతో కలిపి వాడాలి. ప్రతి లాటుకీ ఫాస్ఫరస్, మాంగనీసు, ఇనుము, సిలికా అన్నీ నాలుగు అంకెల దాకా ఉన్నాయి. కార్బన్ ఎప్పుడూ చూడలేదు. ఖనిజంలో కార్బొనేటు ఉంటే అదీ వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడు ఇస్తుంది, కాబట్టి అదీ చూడాల్సిందే.

కోక్, బొగ్గు విషయంలో ఇంకో చిక్కు. మా ల్యాబ్‌లో చేసేది ప్రాక్సిమేట్ పరీక్ష: తేమ, బూడిద, వోలటైల్ మేటర్ (వేడికి ఆవిరైపోయే భాగం), మిగిలింది ఫిక్స్‌డ్ కార్బన్. ఫర్నేసు నడిపేవాళ్లకి ఫిక్స్‌డ్ కార్బన్ చాలు, ఖనిజంలోని ఆక్సిజన్ని లాగేసి లోహం చేసేది అదే కాబట్టి. వోలటైల్స్‌లోనూ కార్బన్ ఉంది, అది పైన మండిపోయి చిమ్నీలోకే వెళ్తుంది. కోక్‌లో వోలటైల్స్ తక్కువ కాబట్టి తేడా చిన్నదే. బొగ్గులో పాతిక శాతం పైన ఉంటాయి. ఫిక్స్‌డ్ కార్బన్‌నే మొత్తం కార్బన్ అనుకుంటే లెక్క తగ్గుతుంది, మనకి లాభంగానే కనిపిస్తుంది, తనిఖీలో పట్టుబడుతుంది.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపున్న బయటి ల్యాబ్‌కి శాంపిళ్లు పంపాలని నిర్ణయించాం. ప్రతి లారీకీ పంపితే మోయలేం. సరుకు వచ్చిన ప్రతి ఓడకీ ఒక కలగలుపు శాంపిలు: లారీల నుంచి తీసిన చిన్న శాంపిళ్లన్నీ కలిపి, పొడిచేసి, నాలుగు భాగాలు చేసి రెండు పారేసి, మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేసి, చివరికి మిగిలిన గుప్పెడు. ఒక సీసా బయటి ల్యాబ్‌కి, ఒక సీసా సీలు వేసి మా దగ్గర. ఈ రెండో సీసా మీద కొనుగోళ్ల విభాగం వాళ్లకీ ఆసక్తి పుట్టింది, సరఫరాదారుతో గొడవ వస్తే చూపించొచ్చని. అలా ఓ మిత్రపక్షం దొరికింది.


నవంబరు చివర

ఈ డైరీలో ఎక్కువ రాయాల్సింది దీని గురించే.

ఒకటో నంబరు ఫర్నేసు ఈ ఏడాది ఫెర్రో మాంగనీసు నుంచి సిలికో మాంగనీసుకీ, మళ్లీ వెనక్కీ మారింది. స్టోర్స్ ఇష్యూ వోచరులో "కోక్, ఫర్నేసు-1" అని ఉంటుంది. ఏ లోహానికి అన్నది ఉండదు, ఎందుకంటే ఇన్నాళ్లూ ఎవరికీ అవసరం రాలేదు. నెలవారీ ఖర్చుల్లో అకౌంట్స్ వాళ్లు టన్నుల నిష్పత్తిలో పంచేస్తారు. కార్బన్‌కి అలా పంచితే తప్పు. రెండిటి రెసిపీలు వేరు. ఫెర్రో మాంగనీసు తీసేటప్పుడు వచ్చే స్లాగులో మాంగనీసు ఆక్సైడు బాగా ఉంటుంది, దాన్ని చల్లార్చి పగలగొట్టి సిలికో మాంగనీసు చార్జిలో వాడతాం. హై కార్బన్ ఫెర్రో మాంగనీసులో కార్బన్ సుమారు 7 శాతం, అంటే 100 టన్నుల లోహం తనతోపాటు 7 టన్నుల కార్బన్ తీసుకుపోతుంది, దాదాపు 25.6 టన్నుల కార్బన్ డయాక్సైడు లెక్కలోంచి తగ్గుతుంది. సిలికో మాంగనీసు తీసుకుపోయే కార్బన్ అందులో మూడో వంతు కూడా ఉండదు.

జవాబు చార్జి షీట్లలో దొరికింది. కంట్రోల్ రూములో ప్రతి షిఫ్టుకీ రాసే షీటు: ఎన్ని చార్జీలు పడ్డాయి, ఒక్కో చార్జిలో ఖనిజం ఎన్ని కిలోలు, కోక్ ఎన్ని, బొగ్గు ఎన్ని, డోలమైటు ఎన్ని, మధ్యలో "కోక్ 20 కేజీ పెంచాం" అన్న గీతలు. ఫర్నేసు నడిపినవాడి బుర్ర ఆ షీటులో కనిపిస్తుంది. ఎలక్ట్రోడ్లు పైకి లేస్తున్నాయంటే కోక్ ఎక్కువైందని తగ్గిస్తాడు, లోహంలో సిలికాన్ పడిపోతే పెంచుతాడు. హాపర్ల (సరుకు నింపే పెద్ద గరాటుల) కింద లోడ్‌సెల్స్ బరువు తీసుకుంటాయి, ఆ బరువు తడి బరువే, కాబట్టి ఆ రోజు హాపర్ శాంపిలు తేమతో సరిదిద్దాలి.

మార్పు జరిగే రోజుల సంగతేమిటి? పైన వేసిన చార్జి కింద ట్యాప్ అయ్యేసరికి గంటలు గడుస్తాయి. సిలికో చార్జి వెయ్యడం మొదలుపెట్టాక కూడా కిందనుంచి ఫెర్రో మాంగనీసే వస్తుంది, తర్వాత అదీ ఇదీ కాని లోహం కొన్ని ట్యాప్‌లు వస్తుంది. దాన్ని విడిగా పోగుచేసి మళ్లీ చార్జిలో వాడేస్తారు. ప్రొడక్షన్ హెడ్ గారితో కూర్చుని నియమం రాసుకున్నాం. కొత్త రెసిపీలో మొదటి చార్జి పడిన క్షణం నుంచి కార్బన్ కొత్త లోహం ఖాతాలోకే. అటూ ఇటూ కాని లోహం కొత్త లోహం ఖాతాలోనే, తిరిగి వాడినప్పుడు దానిలోని కార్బన్ ఇన్‌పుట్‌గా రాసుకుంటాం. ఇంతకంటే సూక్ష్మంగా చెయ్యొచ్చు. ఏ పద్ధతైనా ముందే మానిటరింగ్ ప్లానులో (ఏది ఎలా కొలుస్తామో చెప్పే పత్రంలో) రాసి, ఏడాదంతా దాన్నే పాటించాలి. ఏడాది చివర అంకె చూసి పద్ధతి ఎంచుకుంటే అది లెక్క కాదు, వంట.

చార్జి షీట్ల మొత్తాన్నీ, స్టోర్స్ నుంచి వచ్చిన మొత్తాన్నీ నెలనెలా పక్కపక్కన పెట్టాం. ఆగస్టులో తప్ప అన్ని నెలల్లోనూ దగ్గరగానే వచ్చాయి. ఆగస్టులో చార్జి షీట్లు చెప్పినదాని కంటే స్టోర్స్ నుంచి కోక్ ఎక్కువ వెళ్లింది. కారణం వెతికితే కోక్ ఫైన్స్ దగ్గర తేలింది. జల్లెడ పట్టినప్పుడు కిందపడే పొడి ఫర్నేసులోకి వెయ్యరు, పక్కన పోసి అమ్మేస్తారు. ఇష్యూలో ఉంది, చార్జిలో లేదు, అమ్మకాల రిజిస్టరులో ఉంది. ప్లాంటు గేటు దాటి వెళ్లిన కార్బన్ మన చిమ్నీది కాదు, తీసెయ్యొచ్చు. కాకపోతే అమ్మిన చీటీ చూపించాలి.


డిసెంబరు

చిన్నా చితకా అన్నీ ఈ నెలలో పెట్టుకున్నాం.

ఎలక్ట్రోడ్ పేస్టు. మావి సోడర్‌బర్గ్ ఎలక్ట్రోడ్లు, ఇనుప కేసింగులో పైనుంచి పేస్టు వేస్తూ ఉంటే కిందికి జరుగుతూ కాలిపోతుంది. అదంతా కార్బనే. స్టోర్స్ ఇష్యూనీ, షిఫ్టు లాగులో రాసే స్లిప్పింగ్ (ఎలక్ట్రోడుని కిందికి జరిపిన) సెంటీమీటర్లనీ పోల్చి చూశాం, సరిపోయాయి.

డోలమైటు. టన్నుకి 477 కిలోల కార్బన్ డయాక్సైడు, శుద్ధమైనదైతే. తేలిక.

డీజిలు లీటరుకి సుమారు 2.65 కిలోలు. లోడర్లు, జనరేటరు, లేడిల్ (కరిగిన లోహం పట్టే పాత్ర) వేడిచేసే బర్నరు. మూడిటికీ ఒకే ట్యాంకు, ఇష్యూ స్లిప్పుల్లో పేర్లున్నాయి.

ఇక మేనేజ్‌మెంట్ మీటింగ్. క్యాంటీన్ సిలిండర్లూ స్టాఫ్ బస్సూ అన్న వరస రాగానే అందరికీ మాటలొచ్చేశాయి. బస్సు గాజువాక నుంచి వెయ్యాలా, కూర్మన్నపాలెంలో ఆపాలా, క్యాంటీన్‌కి ఇండక్షన్ పొయ్యిలు పెట్టాలా. అందరికీ అర్థమయ్యే విషయం కాబట్టి అరగంట నడిచింది. 19 కిలోల సిలిండరు కాలిస్తే వచ్చేది సుమారు 57 కిలోల కార్బన్ డయాక్సైడే. ఫర్నేసుల ముందు అది అసలు కనపడదు. కోక్ తేమ రిజిస్టరు గురించి చెప్పడానికి నాకు మిగిలింది ఐదు నిమిషాలు.

ఎవరూ పట్టించుకోనిది స్విచ్‌యార్డులో ఉంది. 132 కేవీ బ్రేకర్లలో ఎస్‌ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడు) గ్యాసు ఉంటుంది. కిలో ఎస్‌ఎఫ్6 గాల్లోకి పోతే 23,500 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం, అంటే క్యాంటీన్ సిలిండర్లు నాలుగు వందలకి పైగా కాల్చినంత. ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ రిజిస్టరు చూస్తే "బి-ఫేజ్, గ్యాస్ తగ్గింది, ప్రెషర్ సరిచేశాం" అని మూడు చోట్ల ఉంది. ఎన్ని కిలోలు నింపారో లేదు. ప్రెషర్ సరిపోతే బ్రేకరు పనిచేస్తుంది, ఆయనకి అదే కావాలి. ఇకమీదట నింపే ముందూ తర్వాతా సిలిండరు తూచమన్నాను.

"ఏటి సార్, గాలిక్కూడా కాటా ఎయ్యాలా?" అన్నాడు.

వెయ్యాలి. పాతవాటికి సిలిండరు కొన్న బిల్లు, ఇప్పుడు అందులో మిగిలిన బరువు తీసి తేడా పట్టాం. యూరప్ వాళ్లకి మా సరుకు విషయంలో కార్బన్ డయాక్సైడు ఒక్కటే కావాలి, ఈ ఎస్‌ఎఫ్6 లిస్టెడ్ కంపెనీ ఫారంలోకి మాత్రమే వెళ్తుంది. కానీ ఆ లీకు ఉద్గారాల ఫారం లేకపోయినా ఆపాల్సిందే. బి-ఫేజ్ గ్యాస్కెట్ మార్చడానికి ఆర్డరు పెట్టారు.


డిసెంబరు 31

మన లెక్కల సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. నిల్వలు కొలిచేది మార్చి 31న, ఆడిటర్ల సమక్షంలో. యూరప్ వాళ్లది క్యాలెండరు సంవత్సరం. కాబట్టి అందరూ న్యూ ఇయర్ కేకు ఆర్డర్లలో ఉంటే మేం యార్డులో కోక్ గుట్ట కొలుస్తున్నాం.

సర్వేయరు తన కొలత పరికరం టోటల్ స్టేషన్‌తో గుట్ట ఘనపరిమాణం తీశాడు. ఘనపరిమాణం నుంచి టన్నులకి వెళ్లాలంటే బల్క్ డెన్సిటీ కావాలి. ఇన్నాళ్లూ మార్చి స్టాకులో ఘనపు మీటరుకి అర టన్ను అని వేసుకుంటూ వస్తున్నారు, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. వెయ్యి ఘనపు మీటర్ల గుట్టకి 0.50 బదులు 0.55 వేస్తే 50 టన్నుల కోక్ తేడా, తేమ పదో వంతు తీసేసినా దాదాపు 140 టన్నుల కార్బన్ డయాక్సైడు. అందుకని వర్క్‌షాపులో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఇనుప పెట్టె చేయించాం. లోడరుతో గుట్ట మీదనుంచి, నడుము నుంచి, అడుగు నుంచి విడివిడిగా నింపి, పైన కర్రతో గీసి చదును చేసి, కాటా మీద పెట్టాం. అడుగు కోక్ నలిగి, తడిసి బరువుగా ఉంది. మూడు చోట్ల మూడు అంకెలు వచ్చాయి. సగటు వేసి, మూడు కాటా చీటీలూ ఫైల్లో పెట్టాం. తేమ శాంపిళ్లు అక్కడికక్కడే సంచుల్లో కట్టాం.

కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న సర్టిఫికెట్టు జిరాక్సు కూడా అదే ఫైల్లో. తనిఖీకి వచ్చేవాడు మొదట అడిగేది అదే.


జనవరి 2026

కరెంటు. మాలాంటి ఫర్నేసుల్లో టన్ను సిలికో మాంగనీసుకి 4,000 యూనిట్లు అటూఇటూగా ఖర్చవుతాయి, ఫెర్రో మాంగనీసుకి అంతకంటే తక్కువ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం 2023-24లో దేశ గ్రిడ్ సగటు యూనిట్‌కి 0.727 కిలోలు. అంటే టన్ను సిలికో మాంగనీసు వెనక కరెంటు ఒక్కటే 2.9 టన్నులు. ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చే స్థూల గుణకం ప్రకారం అదే టన్నుకి ఫర్నేసులోంచి నేరుగా వచ్చేది 1.4 టన్నులే. మా కార్బన్‌లో పెద్ద వాటా మా చిమ్నీది కాదు, ఎక్కడో బొగ్గు కాల్చే థర్మల్ ప్లాంటుది.

ఇక్కడే విచిత్రం. సీబ్యామ్ అసలు దశలో ఇనుము ఉక్కు సరుకులకి నేరుగా వచ్చే ఉద్గారాలకే సుంకం, కరెంటుది లెక్కలోకి రాదు. లిస్టెడ్ కంపెనీ ఫారంలో రెండూ రాయాలి. ఒకే టన్ను లోహానికి ఇద్దరు కొనేవాళ్లకి రెండు అంకెలు వెళ్తాయి, రెండూ నిజమే. ఈ ముక్క కవరింగ్ లెటర్లో మొదటి పేరాలోనే రాశాను, లేకపోతే ఎవరో ఒకరు రెండూ పక్కపక్కన పెట్టి మా మీద అనుమానపడతారు. నా మటుకు నాకు యూరప్ వాళ్లు కరెంటుని వదిలెయ్యడం నచ్చలేదు. సోలార్ కరెంటు కొందామని నేను డైరెక్టరు గారిని ఒప్పించడానికి ఉన్న గట్టి వాదన అలా చేజారింది.

మా కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లు తేదీలు నెల మొదటికీ చివరికీ సరిపోవు. మీటరులో పదిహేను నిమిషాలకోసారి నమోదయ్యే లోడ్ సర్వే దింపుకుని జనవరి 1 అర్ధరాత్రి నుంచి డిసెంబరు 31 అర్ధరాత్రి దాకా కూడాం.

మొత్తం అంకె వచ్చింది. ఫెర్రో మాంగనీసుకి ఐపీసీసీ గుణకం టన్నుకి 1.3, మాది దానికి కాస్త పైన ఉంది. కోక్ ఖరీదు పెరిగినప్పుడు బొగ్గు వాటా పెంచాం, వోలటైల్స్ కూడా లెక్కలోకి వచ్చాయి. ప్రొడక్షన్ హెడ్ గారు ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టన్నుకి కోక్ ఎంత పడుతోందో లోహంవారీగా ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు, ఆ షీటు నాకూ పంపండి" అన్నారు. మా సైటులో ఈ ప్రాజెక్టుకి దొరికిన మొదటి వాడుకరి ఆయనే.


జనవరి చివర

సీబ్యామ్ లెక్కని తనిఖీ చేసే అసలు వెరిఫయరు వచ్చేలోపు మాలో మేమే ఓ రిహార్సల్ చేసుకున్నాం. మొదటి ఏడాది వెరిఫయరు స్వయంగా సైటుకి రావాలి, 5 శాతం దాటిన తేడా ఉంటే ఒప్పుకోడు. అకౌంట్స్ నుంచి ఇంటర్నల్ ఆడిటరు గారిని పిలిచి, ఈ ప్రాజెక్టు గురించి ఏమీ చెప్పకుండా ఎక్సెల్ షీటు ఇచ్చి, "మీకిష్టమైన అంకె పట్టుకోండి" అన్నాం.

ఆయన జూన్‌లో ఓ రోజు కోక్ రాబడి పట్టుకున్నారు. ఎక్సెల్ నుంచి స్టోర్స్ లెడ్జరు, లెడ్జరు నుంచి జీఆర్‌ఎన్ (సరుకు అందిన రసీదు), అక్కణ్ణుంచి కాటా చీటీలు. ఆ రోజు ఒక లారీకి ప్రింటు చీటీ లేదు, చేత్తో రాసిన చీటీ ఉంది. ప్రింటరు రిబ్బను అయిపోయిందట. బరువు అంకెలో ఒకటో ఏడో తెలియడం లేదు. గేటు రిజిస్టరులో లారీ నంబరు, లోపలికి వచ్చిన టైము, వెళ్లిన టైము దొరికాయి. రవాణాదారుడి బిల్లులో అదే లారీకి టన్నులు దొరికాయి. ఏడే. నలభై నిమిషాలు పట్టింది, ఒక్క అంకెకి. ఆడిటరు గారు మాత్రం సంతృప్తిగా ఉన్నారు. పోర్టు నుంచి వచ్చిన ఓడ లెక్కకీ మా కాటా లెక్కకీ ఉన్న తేడాని ఎందుకు వివరించలేదని కూడా రాసి వెళ్లారు. అది నిజంగా రాయాల్సిందే, తడి బరువు తేడా ఒక పేరాలో చేర్చాను.


ఫిబ్రవరి

లిస్టెడ్ కంపెనీ ఫారం వెళ్లిపోయింది. యూరప్ కొనుగోలుదారుకి 2025 లెక్క, దానితోపాటు 2026కి పాటించబోయే మానిటరింగ్ ప్లాను పంపాం. వాళ్లు 2026 దిగుమతుల మీద డిక్లరేషను 2027 సెప్టెంబరు 30 లోపు ఇవ్వాలి, కాబట్టి అసలు పరీక్ష ఈ ఏడాది సరుకుదే.

జనవరి 1 నుంచి మారినవి: స్టోర్స్ వోచరులో "ఫర్నేసు" పక్కన "ఉత్పత్తి" అని ఓ గడి వచ్చింది. తేమ రిజిస్టరులో "ఓకే" అని రాయడం బంద్, అంకె రాయాల్సిందే. సూపరింటెండెంటు గారు దీనికి మొదట సణిగారు, తర్వాత పాత సరఫరాదారుడు సరిగ్గా కోతకి అర శాతం కిందే సరుకు పంపుతున్నాడని ఆ అంకెల్లోనే ఆయనకి కనిపించింది. ఇప్పుడు ఓవెన్ ఖాళీగా ఉంటే ఆయనే ఫోన్ చేసి అడుగుతున్నారు.

మిగిలింది హాపర్ లోడ్‌సెల్స్. వాటి కాలిబ్రేషన్‌కి ఫర్నేసు ఆపాలి. షట్‌డౌన్ మార్చిలో ఇస్తామన్నారు. రెండో నంబరు ఫర్నేసు బొగ్గు హాపరు మిగతావాటి కంటే ఎప్పుడూ కాస్త తక్కువ చూపిస్తోందని చార్జి షీట్ల పోలికలో తేలింది, ముందు దానితో మొదలుపెట్టమని ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకి రాసిచ్చాను. తూకపు రాళ్లు అద్దెకి ఆటోనగర్‌లో మాట్లాడుతున్నాం.